అయిదు సెంటీమీటర్ల గీత: మిలాన్ పరిశోధనాపత్రముపై ఒక విమర్శ

కావ్యవిమర్శ మనకు చిరకాలముగా అలవడిన విద్య. ఒక పద్యమును తీసికొని, పదము పదముగా విడదీసి, గుణదోషములను తూచుట మన పాఠశాలలలో నేటికిని నేర్పుచున్నారు. శాస్త్రపరిశోధనాపత్రములను ఆ విధముగా చదువుట మాత్రము మనకు అంతగా అలవాటు కాలేదు. అచ్చులో ఒక శాతము కనబడగానే దానిని సత్యముగా గ్రహించి ముందునకు సాగిపోవుచుందుము. పరిశోధనాపత్రమును ఒక రచనయే. అందులో ఒక ప్రతిజ్ఞ యుండును. దానికి సాక్ష్య ముండును. ఆ సాక్ష్యముపై నిలిపిన నిర్ణయ ముండును. సాక్ష్యము ఆ నిర్ణయభారమును ఎంతవరకు మోయగలదో తూచి చూచుటయే శాస్త్రవిమర్శ.

ఇట్టి తూకమునకు ఇచ్చట ఎన్నుకొనినది కాలేయ కాన్సరునకు సంబంధించిన పత్రము. ఇటలీ దేశమున మిలాన్ నగరములోని జాతీయ కాన్సరు సంస్థకు చెందిన విన్‌చెంజో మత్సఫెర్రో, ఆయన సహచరులు దీనిని వ్రాసిరి. 1996 మార్చిలో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' పత్రికలో ఇది వెలువడెను. నిడివి ఏడు పుటలు. పరీక్షింపబడినవారు 48 మంది. అయినను ఆ ఏడు పుటలు గీచిన గీత నేటికిని ప్రపంచమందు అనేక దేశములలో రోగికి క్రొత్త కాలేయము ఇయ్యవచ్చునా, కూడదా యని నిర్ణయించుచున్నది. గీతకు లోపల నున్నవానికి ఒక త్రోవ, వెలుపల నున్నవానికి మరియొక త్రోవ. ఇంత బరువు మోయుచున్న రచనను శ్రద్ధగా చదువుట అవసరము కదా!

ఒకే అవయవములో రెండు రోగములు

పత్రమును విప్పుటకు ముందు కాలేయమును గూర్చి కొంత తెలిసికొనవలెను. మానవుని కాలేయము సుమారు ఒకటిన్నర కిలోగ్రాముల బరువు గల అవయవము. ఆహారమునుండి వచ్చిన చక్కెరను నిలువచేయుట, రక్తమునకు కావలసిన మాంసకృత్తులను తయారుచేయుట, విషపదార్థములను విరుచుట, పైత్యరసమును స్రవింపజేయుట దీని పనులు. కొంత భాగము కోసివేసినను మిగిలినది పెరిగి లోటును భర్తీ చేసికొనుట దీని విశేషగుణము. ఆరోగ్యమైన కాలేయములో సుమారు నాలుగవ వంతు మిగిలినను మనిషి బ్రతుకగలడు.

కాలేయ కాన్సరు సాధారణముగా ఆరోగ్యమైన కాలేయములో పుట్టదు. హెపటైటిస్ బి, సి వైరసుల వలనను, మద్యపానము వలనను, క్రొవ్వు పేరుకొనుట వలనను కాలేయము సంవత్సరముల తరబడి దెబ్బతిని, మచ్చలు కట్టి, గట్టిపడును. దీనినే సిర్రోసిస్ అందురు. అట్టి కాలేయములోనే తరచుగా కణితి లేచును. కనుక శస్త్రవైద్యుని ఎదుట నున్నవి రెండు రోగములు. కణితి యొకటి, దానికి నేలయైన జబ్బు కాలేయము రెండవది. ఈ సంగతి మరచినవానికి ఈ చికిత్సల తారతమ్యము బోధపడదు.

ప్రారంభదశలో కాన్సరును గుర్తించినప్పుడు మూడు త్రోవలు కలవు. మొదటిది కణితి యున్న భాగమును కోసివేయుట. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోడ్ క్వీనో 1957లో కాలేయమును రక్తనాళముల అమరిక ననుసరించి ఎనిమిది ఖండములుగా విభజించి చూపెను. అందువలన ఏ ఖండమునకు ఆ ఖండమును వేరుచేసి తీయుట సాధ్యమైనది. అయితే గట్టిపడిన కాలేయము సులభముగా పెరుగదు. అందులో సుమారు 40 శాతమైనను మిగులవలెనని వైద్యులు కోరుదురు. అంతేగాక జబ్బునేల అట్లే యుండుటచే క్రొత్త కణితులు మరల మొలకెత్తవచ్చును. కోసివేసిన అయిదు సంవత్సరములలో పదిమందిలో ఏడుగురి వరకు రోగము తిరుగబెట్టుచున్నది.

రెండవది కాలేయమును పూర్తిగా తీసివేసి, దాత ఇచ్చిన కాలేయమును అమర్చుట. దీనిచే కణితియు జబ్బునేలయు ఒక్కసారిగా తొలగును. కాని దాత కావలెను. పైగా పరాయి అవయవమును శరీరము త్రోసివేయకుండ రోగనిరోధకశక్తిని అణచు మందులను జీవితాంతము వాడవలెను. ఎక్కడనైన కాన్సరు కణములు మిగిలియున్నచో, ఆ మందులచాటున అవి విజృంభించు ప్రమాదము కలదు.

మూడవది కోతతో నిమిత్తము లేక, చర్మముగుండ సూదిని కణితిలోనికి పంపి, రేడియో తరంగముల వేడితోగాని మైక్రో తరంగముల వేడితోగాని దానిని మాడ్చివేయుట. చిన్న కణితులకు ఇది అనుకూలము.

పత్రము పుట్టిన కాలము

అమెరికాలోని డెన్వర్ నగరములో థామస్ స్టార్జల్ 1963లో మానవునికి మొదటిసారిగా కాలేయమార్పిడి చేసెను. రోగి దీర్ఘకాలము జీవించిన మొదటి విజయము 1967లో లభించెను. తొలిదినములలో కాన్సరు రోగులకు మార్పిడి చేసినప్పుడు, కోసి తీయుటకు వీలులేని పెద్ద కణితులు గలవారినే ఎన్నుకొనుచుండిరి. ఇతర మార్గము లేనివారికి ఇది చివరి మార్గమను ఆలోచన అందులో కలదు. ఫలితములు నిరాశాజనకములైనవి. రోగము త్వరలోనే తిరుగబెట్టెను. అరుదుగా లభించు కాలేయములను ఈ రోగులకు ఇచ్చుట న్యాయమేనా యను ప్రశ్న బయలుదేరెను.

1993లో ఫ్రాన్సులో అన్రీ బిస్ముత్ బృందము, కోత చేసిన 60 మందిని, మార్పిడి చేసిన 60 మందిని పోల్చి ఒక పత్రము ప్రకటించెను. మూడు సెంటీమీటర్లకు లోబడిన ఒకటి రెండు కణితులు మాత్రమే కలవారిలో, రోగము తిరుగబెట్టకుండ జీవించినవారు మార్పిడి వర్గములో 83 శాతము, కోత వర్గములో 18 శాతము. అనగా మార్పిడికి తగినవారు పెద్ద కణితులవారు కారు, చిన్న కణితులవారే. పాత ఆలోచన తలక్రిందులైనది. ఈ సూచననే మిలాన్ బృందము ఒక కచ్చితమైన నియమముగా మలచెను.

నియమ మిది. కణితి ఒక్కటే యైనచో అది అయిదు సెంటీమీటర్లు మించరాదు. ఒకటికంటె ఎక్కువైనచో అవి మూడింటికి మించరాదు, వాటిలో ఏదియు మూడు సెంటీమీటర్లు దాటరాదు. కణితి పెద్ద రక్తనాళములలోనికి చొరబడి యుండరాదు. కాలేయము వెలుపలకు వ్యాపించి యుండరాదు.

ఈ విధముగా ఎన్నికై మార్పిడి జరిగిన 48 మందిలో 94 శాతమునకు సిర్రోసిస్ వైరసుల వలన వచ్చినది. నాలుగు సంవత్సరములకు జీవించియుండు రేటు 75 శాతము. నలుగురిలో మాత్రమే కాన్సరు తిరుగబెట్టినది. తీసివేసిన కాలేయములను ప్రయోగశాలలో కోసి చూచినప్పుడు 35 మందిలో కణితులు నిజముగా నియమములోపలనే యున్నవి. 13 మందిలో గీతను దాటియున్నవి. మొదటివారి రేటు 85 శాతము, రెండవవారిది 50 శాతము.

మెచ్చదగిన గుణములు

దోషములను వెదకుటకు ముందు గుణములను ఒప్పుకొనుట విమర్శకుని ధర్మము. మొదటి గుణము, నియమమును ముందుగా నిర్ణయించి, ఆ తరువాత ఫలితమును చూచుట. బాణము వేసిన తరువాత దానిచుట్టు గురివలయము గీచుట సులభము. మిలాన్ బృందము అట్లు చేయక, వలయమును ముందే గీచెను.

రెండవ గుణము, తీసివేసిన ప్రతి కాలేయమును మరల పరీక్షించి, తమ అంచనా ఎంతవరకు తప్పినదో తామే బయటపెట్టుట. 48లో 13 తప్పులు. ఇది చిన్న సంఖ్య కాదు. దానిని కప్పిపుచ్చక, పత్రమునకు ముఖ్యసాక్ష్యముగా చూపుట వారి నిజాయితీ.

మూడవ గుణము సరళత. ఒక కొలబద్ద, ఒక లెక్క చాలును. ఏ దేశమందలి వైద్యుడైనను దీనిని అనుసరింపవచ్చును. 2002లో అమెరికాలో కాలేయముల పంపిణీకి క్రొత్త పద్ధతి వచ్చినప్పుడు, ఈ గీతలోపల నున్న కాన్సరు రోగులకు వరుసలో ముందునకు పోవుటకు ప్రత్యేక అంకములు ఇచ్చిరి. కాన్సరు రోగికి మూసియున్న తలుపు ఈ పత్రముతో తెరచుకొనినది. ఆ కీర్తి దీనికి న్యాయముగా చెందవలసినదే.

అంకెలను విప్పి చూచినచో

ఇప్పుడు అంకెల సంగతి. పత్రములో మొత్తము మరణములు 17 శాతమని యున్నది. 48లో 17 శాతమనగా 8 మంది. అట్లయిన జీవించినవారు 40 మంది, అనగా 83 శాతము. మరి నాలుగేండ్ల రేటు 75 శాతమని ఎట్లు వచ్చినది? చురుకైన విద్యార్థి ఎవడైనను ఈ ప్రశ్న వేయును.

జవాబు లెక్కించు పద్ధతిలో నున్నది. 48 మందికి మార్పిడి ఒకే దినమున జరుగలేదు. పత్రము వ్రాయునాటికి కొందరు మాత్రమే నాలుగేండ్లు పూర్తిచేసిరి. అట్టిచో ఒక్కొక్క సంవత్సరమునకు వేరువేరుగా లెక్కకట్టి, ఆ భిన్నములను గుణింతురు. ఒక ఉదాహరణ తీసికొందము. పదిమందిలో మొదటి సంవత్సరమున ఒకడు మరణించెను, భిన్నము 9/10. మిగిలిన తొమ్మండుగురిలో అయిదుగురు ఇటీవల చేరినవారు, వారికి సంవత్సరమే నిండినది. రెండవ సంవత్సరములోనికి నలుగురే ప్రవేశించిరి, అందొకడు మరణించెను, భిన్నము 3/4. రెండేండ్ల రేటు 9/10 × 3/4, అనగా 67.5 శాతము. పదిమందిలో మరణములు రెండే యైనను రేటు 80 కాలేదు. ఇది మోసము కాదు, సరియైన పద్ధతియే. కాని కడపటి సంవత్సరములకు సాక్ష్యమిచ్చువారు కొద్దిమందియే యని, ఒక్క మరణముతో రేటు చాల కదలునని గుర్తుంచుకొనవలెను.

రెండవ చిక్కు ఇంకను సూక్ష్మమైనది. రోగము తిరుగబెట్టకుండ జీవించిన రేటు 83 శాతమని పత్రము చెప్పుచున్నది. మొత్తము జీవించిన రేటు 75 మాత్రమే. రోగము లేక జీవించినవారు జీవించినవారిలో ఒక భాగము కదా! భాగము మొత్తముకంటె పెద్దదగుట ఎట్లు? రోగము తిరుగబెట్టుటను మాత్రమే లెక్కించి, ఇతరకారణములచే కలిగిన మరణములను లెక్కలో చేర్చనప్పుడే ఇది సాధ్యము. కావున ఆ అంకెను 'కాన్సరు తిరుగబెట్టకుండుట' అని చదువవలెనే గాని, 'సుఖముగా జీవించుట' అని చదువరాదు. 92, 59 అను తక్కిన రెండు అంకెలకును ఇదే వర్తించును. మాట ఒకటి, కొలిచిన వస్తువు మరియొకటి యైనప్పుడు పాఠకుడు మోసపోవుట సులభము.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ పత్రమునుండి లోకము నేర్చుకొనిన అంకె 85. గ్రంథములలోను ఉపన్యాసములలోను ఇదియే వినబడును. కాని ఆ 85 ఎవరిది? కాలేయమును తీసివేసిన తరువాత, కోసి చూచి, నియమములోపల నున్నట్లు తేలినవారిది. శస్త్రచికిత్సకు ముందు ఆ 35 మందిని ఆ 13 మందినుండి వేరుచేయుట ఎవరికిని సాధ్యము కాలేదు. చిత్రములలో 48 మందియు ఒకటిగానే కనబడిరి. కనుక ఆనాడు వైద్యుని ఎదుట కూర్చున్న రోగికి చెప్పదగిన అంకె 75 గాని 85 కాదు. ఎనుబదియైదు వెనుకకు తిరిగి చూచినప్పుడు కనబడు అంకె; రోగి మాత్రము ముందునకు నడువవలసినవాడు. నేటి సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రములు ఆనాటికంటె స్పష్టమైనవి. పొరపాట్లు తగ్గినవి కాని అంతరింపలేదు.

గీత ఎచ్చట గీచిరి?

ఇక కొలబద్దను చూతము. కణితిని గోళముగా భావించి ఘనపరిమాణము కట్టుట ఉన్నతపాఠశాల విద్యార్థికి తెలిసినదే. రెండు సెంటీమీటర్ల వ్యాసము గల కణితి సుమారు 4.2 ఘన సెంటీమీటర్లు. అయిదు సెంటీమీటర్లది 65.4. అయిదున్నర కానక్కరలేదు, 5.2 సెంటీమీటర్లది 73.6. నియమము ప్రకారము మొదటి రెండును ఒకే వర్గము, మూడవది వేరు వర్గము. లోపలనున్న రెండింటి మధ్య పదునైదు రెట్లకు పైగా తేడా. గీతకు అటునిటు నున్న రెండింటి మధ్య ఎనిమిదవ వంతు తేడా! ప్రకృతి ఎచ్చటను గీత గీయలేదు. కణితి పెరిగినకొలది ప్రమాదము క్రమముగా పెరుగును గాని, అయిదవ సెంటీమీటరువద్ద ఉన్నట్టుండి దూకదు.

ఇందు కాలము కూడ ప్రవేశించును. కాలేయ కాన్సరు కణితి రెట్టింపగుటకు సగటున నాలుగైదు నెలలు పట్టుచున్నది. వ్యక్తినిబట్టి ఇది చాల మారును. ఘనపరిమాణము రెట్టింపైనప్పుడు వ్యాసము 1.26 రెట్లగును. అనగా నాలుగు సెంటీమీటర్ల కణితి ఒక్కసారి రెట్టింపైనచో అయిదు సెంటీమీటర్ల గీతను దాటును. రోగి అన్ని విధముల అర్హుడై వరుసలో నిలుచుండును. నాలుగైదు నెలలు గడచును. దాత దొరకకముందే అర్హత పోవును.

ఇది ఊహ కాదు. 1999లో స్పెయిను దేశపు బార్సిలోనా నగరమునుండి జోసెప్ లోవెట్ బృందము ప్రకటించిన పత్రము దీనినే లెక్కకట్టినది. మార్పిడి జరిగినవారిని మాత్రమేగాక, మార్పిడికి పేరు నమోదైన ప్రతివారిని వారు లెక్కలో చేర్చిరి. నిరీక్షణ సగటున 62 దినము లున్న కాలములో రెండేండ్ల రేటు 84 శాతము. నిరీక్షణ 162 దినములకు పెరిగిన కాలములో 54 శాతము. వైద్యులు వారే, చికిత్స అదే. వరుస మాత్రము పొడవైనది. మిలాన్ పత్రము మార్పిడి జరిగినవారిని గూర్చి చెప్పినది. వరుసలో నిలిచి రాలిపోయినవారి మాట అందలి శాతములలో లేదు. నదిని దాటినవారిని మాత్రము లెక్కించినచో, ప్రతి పడవయు సురక్షితముగానే కనబడును.

పోలిక లేని విజయము

పత్రములోని మరియొక కొరత, పోల్చి చూచుటకు రెండవ వర్గము లేకుండుట. ఈ 48 మందికే మార్పిడికి బదులు కోత చేసియుండినచో ఏమయ్యెడిది? పత్రము చెప్పజాలదు. చిన్న కణితులవారిని ఎన్నుకొనినప్పుడు ఏ చికిత్సయైనను మెరుగుగానే కనబడును. ఫలితములో ఎంత భాగము చికిత్సది, ఎంత భాగము ఎన్నికది యను ప్రశ్నను ప్రతి వైద్యపత్రమునకు వేయవలెను. నా అభిప్రాయములో మిలాన్ పత్రపు అసలు విజయము ఎన్నికలోనే యున్నది. మార్పిడి అంతకుముందును ఉండెను. ఎవరికి చేయవలెనో తెలియుటయే క్రొత్త సంగతి.

పైన చెప్పిన బార్సిలోనా పత్రమే ఇందుకు సాక్ష్యము. అందు కోత చేసినవారిని కూడ రెండుగా విడదీసిరి. ద్వారసిరలో రక్తపీడనము పెరుగనివారిలో అయిదేండ్ల రేటు 74 శాతము. ఆ పీడనమును, రక్తములో బిలిరుబినును రెండును పెరిగినవారిలో 25 శాతము. కత్తి ఒక్కటే, కాలేయములు వేరు. కణితి చిన్నదై, కాలేయము పటుత్వము కోల్పోనిచో కోతయే చాలవరకు సరిపోవును. కణితి చిన్నదైనను కాలేయము బలహీనమైనచో మార్పిడియే మేలు. మూడు సెంటీమీటర్లకు లోబడిన కణితులకు మాడ్చివేయు పద్ధతియు పోటీకి నిలుచుచున్నది. జపానులో సుమారు 300 మందిని చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు కోత, రెండవ వర్గమునకు రేడియో తరంగముల చికిత్స చేసిరి. 2022లో వెలువడిన ఫలితములలో, రోగము తిరుగబెట్టకుండ గడచిన కాలమున రెంటికిని చెప్పుకొనదగిన తేడా కానరాలేదు. చికిత్సల తారతమ్యమును తేల్చుటకు సరియైన త్రోవ ఇట్టి పోలికయే.

గీతను దాటిన ప్రయత్నములు

గీచిన గీతను జరుపవలెనని పలువురు ప్రయత్నించిరి. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ఒక్క కణితియైన 6.5 సెంటీమీటర్ల వరకు, మూడింటి వరకైన ఒక్కొక్కటి 4.5 మించక మొత్తము 8 సెంటీమీటర్ల వరకు అంగీకరింపవచ్చునని, అట్టివారిలో అయిదేండ్ల రేటు సుమారు 75 శాతమని చూపిరి. వ్యాసము చూచిన ఇది చిన్న సడలింపు. ఘనపరిమాణము చూచిన 65నుండి 144కు, రెట్టింపుకంటె ఎక్కువ. అయితే ఈ పత్రమును తీసివేసిన కాలేయముల కొలతలపైననే ఆధారపడినది. 85 శాతమునకు చెప్పిన ఆక్షేపణయే దీనికిని చెప్పవలసియున్నది.

2009లో మత్సఫెర్రో స్వయముగా 36 కేంద్రములనుండి 1556 మంది వివరములు సేకరించెను. మిలాన్ గీతలోపలివారిలో అయిదేండ్ల రేటు 73.3 శాతము, వెలుపలివారిలో 53.6. వెలుపలివారిలోను, కణితుల సంఖ్యను, పెద్ద కణితి సెంటీమీటర్లను కూడినప్పుడు ఏడు మించనివారికి, సూక్ష్మరక్తనాళములలో కాన్సరు చొరబడనిచో, 71.2 శాతము. చక్కని సూత్రమే. కాని సూక్ష్మనాళములలోని చొరబాటు సూక్ష్మదర్శినిక్రింద, కాలేయమును తీసిన తరువాతనే నిశ్చయముగా తెలియును. మరల వెనుకచూపే!

ఇంకొక లోపము కొలబద్దలోనే యున్నది. అది కణితి పరిమాణమును చెప్పును గాని స్వభావమును చెప్పదు. నెమ్మదిగా పెరుగు పెద్ద కణితి యుండవచ్చును, దూకుడుగా వ్యాపించు చిన్న కణితి యుండవచ్చును. రక్తములో ఆల్ఫా ఫీటోప్రొటీను అను పదార్థపు మోతాదు ఈ స్వభావమును కొంత సూచించును. 2012లో ఫ్రెంచి పరిశోధకులు దీనిని పరిమాణముతో, సంఖ్యతో కలిపి ఒక క్రొత్త కొలతను ప్రతిపాదించిరి. జపానువారి 2019 నాటి నియమములోను ఇది చేరినది.

స్వభావమును తెలిసికొనుటకు మరియొక ఉపాయము, ముందు వేరు చికిత్స చేసి కణితి లొంగునో లేదో చూచుట. 2020లో మత్సఫెర్రో బృందము ప్రకటించిన పరీక్షలో గీతకు వెలుపలనున్న రోగులకు ఇట్లే చేసి, లొంగిన 45 మందిని యాదృచ్ఛికముగా రెండు వర్గములు చేసిరి. మార్పిడి వర్గములో అయిదేండ్ల రేటు 77.5 శాతము, మార్పిడి లేని వర్గములో 31.2. సంఖ్య ఇచ్చటను చిన్నదే. కాని 1996లో లేని పోలిక 2020లో వచ్చినది. తాను గీచిన గీతను తానే పరీక్షకు నిలిపి, దానిని దాటుటకు సాక్ష్యము వెదకిన శాస్త్రజ్ఞుని ఇచ్చట చూచుచున్నాము. ఈ గుణము నాకు ఆ 85 శాతముకంటె విలువైనదిగా తోచును.

ఎవరి కాలేయము?

అయితే అయిదు సెంటీమీటర్లనే గీతకు అర్థము లేదా? ఉన్నది. కాని అది జీవశాస్త్రపు అర్థము మాత్రమే కాదు. దానిలో సగము పంపిణీ న్యాయము. మరణించిన దాతలిచ్చు కాలేయములు కొన్ని, ఎదురుచూచువారు అనేకులు. ఒక కాలేయమును 50 శాతము ఆశగల కాన్సరు రోగికి ఇచ్చినచో, కాన్సరు లేక మంచి ఆశగల వేరొక రోగికి అది లేకుండ పోవును. కావున ఎచ్చటనో ఒకచోట గీత గీయక తప్పదు. పరీక్షలో 35 మార్కులవంటిదే ఇది. 34 వచ్చినవానికిని 35 వచ్చినవానికిని తెలివిలో తేడా లేదని ప్రతి ఉపాధ్యాయునికి తెలియును. అయినను హద్దు అవసరము. హద్దును ప్రకృతిసూత్రమని భ్రమించుటయే పొరపాటు.

మన దేశములో ఈ ప్రశ్న రూపము మారును. 1994 నాటి అవయవమార్పిడి చట్టము మెదడు మరణమును అంగీకరించినది. తెలుగు రాష్ట్రములలో జీవన్‌దాన్ పథకము ద్వారా అట్టి దాతల అవయవములు పంపిణీ యగుచున్నవి. కాని భారతదేశములో జరుగు కాలేయమార్పిడులలో అధికభాగము బ్రతికియున్న బంధువులు తమ కాలేయములో కొంత ఇచ్చుట వలననే సాగుచున్నవి. అక్కడ కాలేయము అందరి సొత్తు కాదు. ఒక చెల్లెలు అన్నకు, ఒక కొడుకు తండ్రికి ఇచ్చునది. వరుస లేదు, వేరొకరికి అన్యాయము లేదు. కాని ఆరోగ్యవంతుని శరీరముపై కత్తి పెట్టవలెను. కుడిభాగమును ఇచ్చిన దాతలలో వేయికి ఇద్దరు మొదలు అయిదుగురు వరకు మరణించు ప్రమాదము కలదని అంచనా. గీతను సడలింపుడని రోగి కుటుంబము వేడుకొనుట సహజము. అట్టివేళ మిలాన్ అంకెను మంత్రమువలె వల్లించుట సరికాదు, నిర్లక్ష్యముగా త్రోసివేయుటయు సరికాదు. ఆ అంకె ఎవరిని కొలిచినదో, ఎప్పుడు కొలిచినదో, ఏమి వదలివేసినదో వారికి విప్పి చెప్పవలెను.

పత్రములోని 94 శాతము అను అంకెను కూడ మరువరాదు. ఆ సిర్రోసిస్ వైరసులది. హెపటైటిస్ బి వైరసునకు టీకా కలదు. తైవానులో 1984లో శిశువులకు ఈ టీకా ప్రారంభించిన తరువాత, 6 మొదలు 14 ఏండ్ల పిల్లలలో కాలేయ కాన్సరు సుమారు సగమునకు తగ్గినది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దేశములోనే తయారుచేసి ఈ టీకాను అందుబాటులోనికి తెచ్చినది. అయిదు సెంటీమీటర్ల గీతవద్ద జరుగు వాదములన్నిటికంటె, ఆ గీతవరకు మనిషి రాకుండ చేయుట మేలు.

ఉపాధ్యాయులకు ఒక మాట. గణితము గంటలో గోళపు ఘనపరిమాణమును బోధించునప్పుడు ఈ కణితుల లెక్కను నల్లబల్లపై వేయించుడు. శాతములను బోధించునప్పుడు 48, 35, 13 అను మూడు సంఖ్యలను వ్రాసి, 75కును 85కును గల తేడాను విద్యార్థులచేతనే చెప్పించుడు. ఆ పదుమూడుగురిలో ఒక్కొక్కరు దాదాపు ఎనిమిది శాతమునకు సమానమని వారు తామే కనుగొందురు.

మొత్తముమీద మిలాన్ పత్రము గొప్ప పత్రము. చిన్న సాక్ష్యముతో పెద్ద ద్వారము తెరచినది. దాని లోపము దానిలోనికంటె దానిని చదివినవారిలో హెచ్చుగా కలదు. 48 మందిని గూర్చిన పరిశీలనను లోకము శాసనముగా చేసికొనినది. శాసనములను పాటించుట పౌరుని విధి. అంకెలను ప్రశ్నించుట విద్యార్థి విధి. ఈ రెంటికిని విరోధము లేదు. మూడు దశాబ్దములుగా ఆ గీత నిలిచియున్నదన్నచో, దానిని ప్రశ్నించినవారు పలువురుండుటయు అందుకొక కారణము.